సుభద్రమ్మ ఎవరి తాలూకు?

దుంపకాలం, 3వ రోజు

ఎగువపాలెం పందుల దళం దినచర్య. రాయువాడు కనకలింగం, వయసు ఇరవై మూడు, చదువు పాత దస్తావేజుల శాస్త్రంలో పట్టా, ఉద్యోగం పందుల వెనకాల పరిగెత్తడం. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని అడిగేవాళ్ళకి నా దగ్గర జవాబుంది. నాతో కలిపి మా తరగతి పదకొండు మందిలో పదిమంది చేపల మడుగుల్లో పనికి కుదిరారు. నాకు ఈత రాదు.

దళం బలం ఇద్దరు. నాయకురాలు నూకరత్నం అత్త. నాకు చుట్టం కాదు, ఊళ్ళో సగంమందికి ఆవిడ అత్తే. తుపాకీ ఆవిడది, ఇరవై ఆరేళ్ళుగా ఆవిడదే. నా బాధ్యతలు నాలుగు: బోను మోయడం, నీళ్ళు మోయడం, పడ్డ పందిని మోయడం, ఇవన్నీ మోశానని ఈ పలక మీద రాయడం. పలక మీద రాసిందంతా సాయంత్రానికి సభకొట్టంలో ఉన్న ఊరి పుస్తకంలోకి పోతుంది. పేరుకి పుస్తకమే గాని అది మాట్లాడే యంత్రం. రేషన్ పంచేదీ, కాలవ తూము ఎత్తేదీ, తుపాకీ గడియ తీసేదీ ఆ పుస్తకమే గనక, నేను మోసిన బరువులన్నీ చరిత్రకెక్కుతున్నాయన్న తృప్తి నాకుంది.

ఈరోజు విశేషం. సింహాచలం బాబాయి చిలగడదుంపల మడిలో పెట్టిన బోనులో ఆడపంది పడింది. పడిందనడం తక్కువ, బోను నిండిపోయింది. వెన్ను మీద జూలు నిక్కబొడుచుకుని, చెంపలకి బురద పూసుకుని, మమ్మల్ని చూసిన చూపు అచ్చం మా హాస్టల్ వార్డెనమ్మ చూపు. ఇంత ఆలస్యంగానా రావడం అన్నట్టుంది.

పద్ధతి ప్రకారం బోను కమ్మీల సందులోంచి చెవికి బిళ్ళ కొట్టాం, పరీక్షకి నెత్తురు చుక్క తీశాం. ఊరు పెట్టిన కొత్తల్లో పురుగున్న మాంసం తిని తొమ్మిది మంది పోయారట. అప్పట్నించీ ఫలితం వచ్చేదాకా కొయ్యడానికి లేదు. చెవి బిళ్ళ కూడా మా మణికట్టుకి ఉండే బిళ్ళలాంటిదే, ఒకే అచ్చులో పోస్తారు.

అత్త కత్తి నూరుకుంటూ, "ఆ పత్రం నింపెయ్యరా, లేకపోతే మళ్ళీ ఆయుధాలకొట్టు గవర్రాజు గోల," అంది.

ఊరికున్నది ఒకటే నమూనా పత్రం. కొండెక్కి కొత్తమనిషి వచ్చినా, మేక ఈనినా, పంది పడినా అదే. జంతువైతే పేరు గడి ఖాళీగా వదిలెయ్యాలి, అంతే తేడా. ఖాళీ గడి చూస్తే నాకు చేతులు ఊరుకోవు. "శ్రీమతి సుభద్రమ్మ గారు" అని రాశాను. మా వార్డెనమ్మ పేరు. వయసు: సుమారు ఏడు. వృత్తి: దుంపల తవ్వకం. నివాసం: సింహాచలం గారి మడి, బోను.

అత్తకి చదివి వినిపించలేదు. ఆవిడకి హాస్యం మీద గౌరవం తక్కువ.

5వ రోజు

పరీక్ష ఫలితం: పురుగు లేదు, మాంసం శుభ్రం, తినవచ్చును.

ఫలితం పట్టుకుని మడికి వెళ్ళేసరికి బోనులో తినవలసినది లేదు. తలుపు కమ్మీ విల్లులా వంగి ఉంది. అత్త దాన్ని తడిమి చూసింది.

"ముక్కుతో ఎత్తేసిందిరా," అంది. కోపం కన్నా మెచ్చుకోలే ఎక్కువ వినిపించింది నాకు.

"ఇప్పుడెలా అత్తా?"

"ఎలా ఏముంది? వస్తాది. దుంప తీపి తెలిసింది ఎక్కడికి పోద్ది?"

9వ రోజు

వచ్చింది. ఒక్కతే రాలేదు, మందని వెంటబెట్టుకుని వచ్చింది. పద్నాలుగు లెక్కపెట్టాను. సింహాచలం బాబాయి రెండో మడి తెల్లారేసరికి తిరగేసిన పరుపులా ఉంది.

కిందనున్న వరిచేలన్నీ సముద్రం పట్టుకుపోయాక, ఇంత ఎత్తున ఊరిని సాకుతున్నది ఈ దుంపే. బియ్యం పండగలకి, దుంప కడుపుకి. బాబాయి గట్టు మీద కూర్చుని, నమిలి పారేసిన తీగ ఒకటి చేతిలో పట్టుకుని దాని మొహం చూస్తున్నాడు.

"నూకరత్నం, మందకి దారి చూపించేది ఆ పెద్దదే. అదున్నంతకాలం ఒక మడి తర్వాత ఒక మడి చూపిస్తానే ఉంటాది. దాన్ని ముందు పడెయ్యి," అన్నాడు.

మంచు విడవకముందే గట్టు వెనకాల కూర్చున్నాం. గాలి మా మొహం మీదికి వీస్తోంది, అంటే మా వాసన వాటికి తగలదు. ముప్పై అడుగుల దూరంలో సుభద్రమ్మ గారు అల్పాహారం తీసుకుంటున్నారు. అత్త తుపాకీ ఎత్తింది. ఊపిరి బిగబట్టింది. సంఘీభావంగా నేనూ బిగబట్టాను.

టక్.

అంతే. పేలలేదు. సుభద్రమ్మ తలెత్తి మా గట్టు వైపు చూసింది. నోట్లో ఉన్న దుంప నింపాదిగా నమిలి మింగింది. అత్త గుండు మార్చేలోగా మంద మొత్తం అడవిలో పడింది.

ఆయుధాలకొట్టు గవర్రాజు గారిది. ఆయన ఆ గుండునే మళ్ళీ తుపాకీలో వేసి వెనకాల మట్టిదిబ్బలోకి కాల్చాడు. ఢామ్మంది. కొట్టు మీద కాకులు లేచిపోయాయి.

"గుండు బంగారంలా ఉంది నూకరత్నం. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కేవా?"

"నొక్కకుండా నిన్నడగడానికి వచ్చేనా?"

"ఆయ్, కోపమెందుకు, అడిగేనంతే."

పుస్తకంలో ఎక్కింది: తప్పిన గురి, ఒకటి. ఒక దుంపకాలంలో మూడు తప్పితే తుపాకీ పౌర్ణమి సభలో అప్పగించెయ్యాలి. మందుగుండు అడుగంటుతున్న ఊళ్ళో ఈ నియమాన్ని ఎవరూ తప్పుపట్టరు. అత్త కూడా పట్టదు. అసలు ఆ నియమం పెట్టమని సభలో అడిగిందే ఆవిడట.

12వ రోజు

మంద నుంచి విడిపోయి తిరుగుతున్న కుర్ర మగపంది. అరవై కిలోలు. ఒకే ఒక్క గుండు, చెవి వెనకాల. మోసినవాడు కనకలింగం. నెత్తురు పరీక్ష ఈసారి పూటలోనే వచ్చింది, పురుగు లేదు.

వాగు ఒడ్డున ఎండుగడ్డి మంట వేసి బొచ్చు కాల్చాం. అత్త కత్తితో గీకుతుంటే నల్లటి చర్మం కింద నుంచి తేనెరంగు బయటికొచ్చింది. తర్వాత కోత. ఆవిడ కోస్తుంటే చూడాలి. ఎముక ఎక్కడుందో కత్తికే తెలిసినట్టు పోతుంది. టేకాకుల మీద పోగులు పెట్టడం మా ఊరి పద్ధతి: ఎన్ని పేర్లుంటే అన్ని పోగులు, అన్నీ ఒక్కలాగే. మడి పోగొట్టుకున్నవాడు ముందు తీసుకుంటాడు. పందిని కొట్టినవాళ్ళు అందరికన్నా చివర, మిగిలింది తీసుకోవాలి. అందుకే ఇరవై ఆరేళ్ళుగా అత్త ఇంట్లో ఎప్పుడూ మెడముక్కే.

ఈరోజు ఒక చిన్న వింత. పుస్తకం రెండువందల పద్నాలుగు పోగులు పెట్టమంది. ఊళ్ళో ఉన్నది రెండువందల పదమూడు మందిమి.

"ఎవరికో పిల్ల పుట్టుంటాది," అన్నాడు గవర్రాజు గారు.

ఎవరికీ పుట్టలేదు. పోగు మిగిలిపోయింది. చింతచిగురు వేసి వండిన పందికూర పొయ్యి మీద ఉడుకుతుంటే ఆ వాసనకి మనిషి నీతి నిలబడడం కష్టం. నిజాయితీ కోసం రాస్తున్నాను: ఆ పోగు నేను తిన్నాను.

అత్త కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని కూర్చుంది.

"చెయ్యి వణుకుతోందేంటత్తా?"

"కారం నూరేను కదరా. నీ కూర నువ్వు తిను."

కారం నూరింది నేను.

16వ రోజు

ఆరో మడి. సుభద్రమ్మ. ఇరవై అడుగులు. టక్.

గవర్రాజు గారు ఈసారి గుండు పరీక్షించలేదు కూడా. "చిన్నవాటిని బాగానే పడేస్తన్నావు. పెద్దదాని మొహం చూసేసరికి చెయ్యి బెదురుతుందేమో నూకరత్నం. వయసు కదా, అందరికీ వస్తాది," అన్నాడు. వెటకారంగా అనుంటే బాగుండేది. మెత్తగా అన్నాడు.

అత్త తుపాకీ భుజాన వేసుకుని బయటికి నడిచింది.

సాయంత్రం నీళ్ళ బిందె ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. పెరట్లో నిలబడి, గుండు లేని తుపాకీ ఎత్తి, గొట్టం చివర చింతగింజ నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కుతోంది. గింజ పడకపోతే చెయ్యి కుదురుగా ఉన్నట్టు. కంచె అవతల నిలబడి లెక్కపెట్టాను. ఇరవైసార్లు నొక్కింది. పంతొమ్మిదిసార్లు గింజ కదల్లేదు. ఒక్కసారి పడింది. ఆవిడ లెక్కపెట్టుకున్నది ఆ ఒక్కటే.

బిందె గుమ్మంలో పెట్టి చప్పుడు చెయ్యకుండా వచ్చేశాను. నాకు చప్పుడు చెయ్యకుండా ఉండడం కూడా వచ్చునని ఈరోజే తెలిసింది.

19వ రోజు

మూడోది కూడా పోయింది.

ఈసారి ఎంత దగ్గరంటే సుభద్రమ్మ కనురెప్పల వెంట్రుకలు కనిపిస్తున్నాయి. అత్త తుపాకీని కొయ్య మీద ఆనించి, నా భుజం పక్కన పెట్టుకుని, చెంప ఆనించి, నెమ్మదిగా నొక్కింది. టక్. మంద వెళ్ళిపోయాక కూడా వేలు ట్రిగ్గర్ మీంచి తియ్యలేదు.

"నొక్కేనారా?" అంది.

"నొక్కావత్తా."

"నువ్వు చూసేవు కదా. కళ్ళారా చూసేవు కదా. నొక్కేనా?"

"నీ వేలు చూస్తూనే ఉన్నాను. నొక్కావు."

"మరి నాకెందుకు తెలీలేదు?" అంది. అని లేచి మోకాళ్ళ మట్టి దులుపుకుని నా కన్నా ముందు నడిచి వెళ్ళిపోయింది. తుపాకీ ఎప్పుడూ కుడిభుజాన వేసుకునే మనిషి, దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని నడిచింది.

ఇక ఇక్కణ్ణించి రాయడం కష్టం. అయినా రాయాలి.

సాయంత్రం రేషన్ బండి వచ్చింది. దళం గుడిసె ముందు మూడు మూటలు దింపింది. అత్తది, నాది, ఇంకొకటి. మూడోదాని మీద చీటీ: "శ్రీమతి సుభద్రమ్మ గారు, నివాసం సింహాచలం గారి మడి, బోను. దుంపలు మూడు కిలోలు, ఉప్పు, సబ్బు ఒకటి." కొత్తగా ఊరికొచ్చినవాళ్ళకి మొదటి పదిహేను రోజులు ఉమ్మడి వంట, ఆ తర్వాత సొంత మూట. మూడో రోజున నేను పేరు రాశాను. లెక్క సరిపోయింది.

పేరున్న బిళ్ళ ఎదురుగా ఉంటే ఊళ్ళో ఏ తుపాకీ పేలదు. ఇది బళ్ళో ఒకటో తరగతిలో చెప్తారు. నేను పట్టభద్రుణ్ణి.

నా మణికట్టు బిళ్ళ చూసుకున్నాను. అచ్చం సుభద్రమ్మ చెవికి ఉన్నదే.

20వ రోజు

అత్త అరుగు మీద కూర్చుని నాటడానికి దుంపతీగలు తుంపుతోంది. మూట తీసుకెళ్ళి ఎదురుగా పెట్టాను. దారంతా ఒక తమాషా పరిచయం సిద్ధం చేసుకున్నాను, తీరా ఎదురుగా నిలబడితే ఒక్క ముక్కా రాలేదు. పత్రం, పేరు గడి, వార్డెనమ్మ, మిగిలిపోయిన పోగు, చీటీ, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

ఆవిడ సబ్బు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"అయితే నా చెయ్యి బాగానే ఉందన్నమాట," అంది.

తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. ఈ మాటకి సిద్ధంగా లేను.

"బాగుందత్తా."

"మూడుసార్లూ నొక్కేనన్నమాట."

"మూడుసార్లూ నొక్కావు. తప్పు నాది."

కుడిచెయ్యి తిప్పి అరచేయి చూసుకుంది, పోయిందనుకున్న వస్తువు దొరికినట్టు. తర్వాత మూటలోంచి ఒక దుంప తీసి విసిరింది. సరిగ్గా నా నుదుటి మధ్య తగిలింది.

"గురి కూడా బాగానే ఉంది," అంది.

ఇద్దరం గవర్రాజు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కథంతా విని, నా వైపు ఒకసారి చూసి (ఆ చూపుని పుస్తకంలో ఎక్కించలేను), నియమాలు చదవడం మొదలుపెట్టాడు. చదివేకొద్దీ ఆయన గొంతు తగ్గింది. సుభద్రమ్మ పేరు పేరే. అంటే ఆ మూడూ తప్పిన గురులు కావు, పేరున్న ఊరిమనిషి మీద మూడుసార్లు తుపాకీ ఎత్తడం. దానికి శిక్ష ఒక్క కాలానికి కాదు, జన్మకి. ఇక తుపాకీ ముట్టుకోకూడదు.

"కొట్టెయ్యచ్చు కదండీ ఆ పేరు?" అన్నాను.

"రాసిన పేరు కొట్టడానికి లేదబ్బాయ్. కానీ ఒకటుంది. కొత్త పేరుకి నెల తిరక్కుండా పౌర్ణమి సభలో ఎవరో ఒకరు పూచీ పడాలి. పుస్తకం మూడుసార్లు అడుగుద్ది, ఎవరి తాలూకు అని. ఎవరూ పలక్కపోతే పేరు రాలిపోద్ది. అసలు లేనట్టే. పేరే లేకపోతే ఇంకా తుపాకీ ఎత్తిందేముంది? గుళ్ళే పేలలేదని నేను రాసుకుంటాను." ఆయన అత్త వైపు తిరిగాడు. "నాలుగు రోజులు. సభలో నోరు మూసుకుని కూర్చో, అంతే నీ పని. మిగతా ఊరి నోరు నేను మూయిస్తాను. ఆ మర్నాడే ఆ పెద్దదాన్ని పడేద్దువుగాని."

ఇన్నాళ్ళూ ఆయన్ని ఈ దినచర్యలో తక్కువ చేసి రాశాను. ఉపసంహరించుకుంటున్నాను.

తిరిగొచ్చేటప్పుడు అత్త అడిగింది, "ఈ ఊళ్ళో ఇంతవరకు పేరు రాలిందేంట్రా?"

"నలభై నాలుగేళ్ళలో ఒక్కటీ లేదు." అది మాత్రం నా చదువులో భాగమే. "కానీ అవి మనుషుల పేర్లత్తా."

"నేనేం అనలేదుగా."

కొంచెం దూరం నడిచాక, నేను అడక్కుండానే చెప్పింది. నీళ్ళొచ్చిన ఏడు ఆవిడకి ఆరేళ్ళు. శిబిరంలో మైకు పట్టుకున్నాయన ఒక్కొక్క పిల్లనీ బల్ల మీద నిలబెట్టి, ఎవరి తాలూకు అని మూడుసార్లు అడిగేవాడు. ఎవరూ పలక్కపోతే వేరే పడవ. ఆ పడవ ఎక్కడికి పోయిందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. ఎవరిదో మగవాళ్ళ చొక్కా వేసుకుని, అది మడమల దాకా జారుతుంటే ఈవిడ బల్ల మీద నిలబడింది. మొదటిసారికి ఎవరూ లేరు. రెండోసారికీ లేరు.

"మూడోసారికి మాణిక్యాంబమ్మ అంది, నా తాలూకు అని. నన్ను చూసి కూడా అనలేదురా. అటు తిరిగి మూట కట్టుకుంటా అంది. పెద్దయ్యాక అడిగేను, ఎందుకన్నావమ్మా అని. ఆ మైకు గోల ఆగుద్దని అన్నానే అంది."

మాణిక్యాంబ గారు పోయి పన్నెండేళ్ళు. ఊరి పుస్తకానికి గొంతు ఇచ్చింది ఆవిడే. రేషన్ పిలిచినా, సభ పిలిచినా ఇప్పటికీ ఆవిడ గొంతే.

"అత్తా, మూడుసార్లు అడుగుతుంది. మూడుసార్లు ఊరుకో. నీకు దణ్ణం పెడతాను," అన్నాను.

"దుంపలు ఎండలో వదిలేసొచ్చేం. పద," అంది.

24వ రోజు, పౌర్ణమి

సభకొట్టం నిండిపోయింది. గవర్రాజు గారు మాట నిలబెట్టుకున్నాడు. ఊరంతా పెదాలు బిగించుకుని కూర్చుంది. ఎప్పుడూ గోలచేసే పిల్లల నోళ్ళలో బెల్లపుండలు కుక్కారు. తుపాకీ బల్ల మీద ఉంది. ఒకవైపు అత్త, ఒకవైపు నేను. నేనూ పలకను. సుభద్రమ్మకి పేరు పెట్టినవాణ్ణి నేనే, ఆ పేరు రాలిపోతుంటే నోరు మూసుకుని కూర్చునేవాణ్ణీ నేనే. అత్త తుపాకీ కోసం. అంత వరకు నిశ్చయించుకున్నాను.

పుస్తకం మొదలుపెట్టింది. కొంచెం బొంగురుగా, తీరిక లేనట్టుండే గొంతు. "కొత్త పేరు ఒకటి. శ్రీమతి సుభద్రమ్మ గారు. వృత్తి, దుంపల తవ్వకం."

ఎవరూ నవ్వలేదు. జీవితంలో నేను వేసిన హాస్యాల్లో ఇంత పెద్ద సభలో చదివింది అదొక్కటే. ఎవరూ నవ్వనందుకు సంతోషించింది కూడా ఆ ఒక్కసారే.

"సుభద్రమ్మ ఎవరి తాలూకు?"

సింహాచలం బాబాయి కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు.

"సుభద్రమ్మ ఎవరి తాలూకు?"

ఎక్కడో ఒక పిల్ల బెల్లం చప్పరించిన చప్పుడు. గవర్రాజు గారు అత్త వైపు చూసి, ఇంకొక్కటే అన్నట్టు వేలు చూపించాడు. నేను అత్త చెయ్యి పట్టుకున్నాను. అది వణకడం లేదు. కొయ్యలా కుదురుగా ఉంది.

"సుభద్రమ్మ ఎవరి తాలూకు?"

అత్త అటు తిరిగి కొంగు సర్దుకుంటూ అంది.

"నా తాలూకు."

సభ మొత్తం ఒక్కసారిగా ఊపిరి వదిలింది. పుస్తకం మాత్రం తీరిక లేని ఆ గొంతుతోనే, "రాసుకున్నాను," అని తర్వాతి పనికి వెళ్ళిపోయింది.

"ఏంటి నూకరత్నం ఇది! మొన్నటిదాకా దాన్ని చంపాలని నువ్వే కదా కూర్చున్నావు!" సింహాచలం బాబాయి లేచాడు. ఏడుపో కోపమో తెలియలేదు. "నా దుంపలు, నా మడులు..."

"మొన్నటిదాకా చంపేదాన్నే అన్నయ్యా. పేరు లేనప్పుడు దొరికుంటే ఈపాటికి కూర అయిపోయేది. ఇప్పుడు పేరుంది. మూడోసారి పిలిచేక ఎవరూ పలకని ఊళ్ళో నేనుండలేను, నన్నేం చెయ్యమంటావు?" అత్త గొంతు పెంచలేదు. "దాని పూచీ నాది. కింద వాగొడ్డున నా మడి మొత్తం దానికి వదిలేస్తాను, నీ మడి కన్నా ముందు తగిలేది అదే. పైగా ఊరివాళ్ళు ఎవరెక్కడున్నారో పుస్తకానికి తెలుసు కదా? దాని బిళ్ళ ఎటు కదిలితే మంద అటున్నట్టు. ఇరవై ఆరేళ్ళు అడుగుజాడలు చూసి వెతికేను వాటిని. ఇక వెతకక్కర్లేదు."

బాబాయి కూర్చున్నాడు. ఒప్పుకున్నాడని రాయను. కూర్చున్నాడు.

అత్త తుపాకీ ఎత్తి, కొంగుతో ఒకసారి తుడిచి, గవర్రాజు గారి చేతిలో పెట్టింది. ఆయన తీసుకోలేకపోయాడు. ఆవిడే ఆయన వేళ్ళు మూసింది.

"ఎవరికివ్వను?" అన్నాడాయన.

"ఈ వెధవకివ్వు. పలక నాకిప్పించు. వీడికి ఖాళీ గడి చూపించకూడదు."

30వ రోజు

రాసేది నూకరత్నం. ఈ పలక మీద అక్షరాలు బొత్తిగా చిన్నవి, పెద్దవి చెయ్యమని గవర్రాజుకి చెప్పేను.

ఈరోజు పొద్దున్న లింగం తుపాకీ పేల్చేడు. మొదటిది చీమలపుట్టకి తగిలింది. రెండోది దేనికి తగిలిందో మాకు తెలీదు. తప్పిన గురులు రెండని రాసేను. అబద్ధం రాయను. మూడోదానికి నేను వెనకాల నిలబడి వాడి మోచెయ్యి కింద నా చెయ్యి పెట్టేను. తుపాకీ ముట్టుకోకూడదు గాని మోచెయ్యి ముట్టుకోకూడదని ఎక్కడా లేదు. నలభై కిలోల మగపంది పడింది. లింగం ఏడ్చేడు. పొగ అన్నాడు. పొగేనని రాయమన్నాడు. రాసేను.

వాణ్ణే మొయ్యమన్నాను.

పరీక్ష బాగానే వచ్చింది. పోగులు రెండువందల పద్నాలుగు. సుభద్రమ్మది మాంసం తీసేసి దుంపలు పెట్టించేను. దాని సొంత మందలోది దానికెలా పెడతాం? కిందటిసారి దాని పోగు తిన్నందుకు లింగం తన దుంపలు కూడా అందులో వేసేడు. చివరిపోగు వాడిది, మెడముక్క. మొహం అదోలా పెట్టేడు. అలవాటవుద్ది అన్నాను.

"అత్తా, మందలోవి తింటున్నాం, పెద్దదాన్ని మేపుతున్నాం. ఇదేం న్యాయం?" అన్నాడు తింటా. న్యాయం సంగతి నాకు తెలీదు, ఉప్పు సరిపోయిందన్నాను.

ఎండ దిగాక దుంపలు నేనే వాగొడ్డు మడికి పట్టుకెళ్ళేను. తుపాకీ లేకుండా అటు నడవడం ఇరవై ఆరేళ్ళలో ఇదే. కుడిభుజం తేలిగ్గా ఉంది. బాగోలేదు. గట్టు మీద దుంపలు పోసి పక్కకి జరిగి కూర్చున్నాను.

వచ్చింది. ముందు ముక్కు, తర్వాత చెవిబిళ్ళ, తర్వాత మిగతాది. నన్ను చూసింది. దానికి నా మీద కోపమూ లేదు, ప్రేమా లేదు. మాణిక్యాంబమ్మ కూడా మొదట్లో నన్ను అలాగే చూసేది. దుంప కొరికింది. అప్పుడు వెనకాల పొదలోంచి ఒక్కొక్కటే వచ్చేయి, చారలచారల పిల్లలు. కాళ్ళింకా సరిగ్గా కుదురుకోలేదు. ఆరు.

ఆరు పత్రాలు నింపేను. పేరు గడులు ఆరూ ఖాళీగానే వదిలేను. చివరిదానికి ఎడమచెవి మీద తెల్లమచ్చుంది, అన్నిటి కన్నా వెనకబడి, దుంప దాకా రాలేక మట్టిలో బోర్లా పడి మళ్ళీ లేస్తంది. దానికొక పేరు నోటిదాకా వచ్చింది.

మింగేసేను.